పుంగనూరు దారిలో గంగులప్ప బీడు

గడ్డికి బహుమతి ఇస్తారంటే మా పత్రికాఫీసులో ఎవరూ నమ్మలేదు. మేమంతా కృష్ణా కాలువల కింద పుట్టి పెరిగినవాళ్ళం. మాకు గడ్డి అంటే వరి నూర్చాక మిగిలేది, వామి వేసేది. దాన్ని ఒకరు పెంచుతారనీ, కాపలా కాస్తారనీ, బాగా కాపాడినవాణ్ణి పిలిచి పదిమందిలో శాలువా కప్పుతారనీ చెబితే డెస్కు మీద అందరూ నవ్వారు. నేను వెళ్తానన్నాను. ఎనభైల మొదట్లో వచ్చిన కరువు అది. ఎండిన బావుల గురించి, వలసల గురించి రాయడానికి అప్పటికే చాలామంది వెళ్ళి వచ్చారు. గడ్డి వైపు నుంచి చూసినవాళ్ళు మాత్రం లేరు.

గూడూరు

వేసవిలో గూడూరు స్టేషనంటే ముందు నిమ్మకాయల వాసన వస్తుందని విన్నాను. ఆ రోజు గంపల్లో ఉన్నవి గోలీలంత కాయలు. రెండు పిండితే గాని సోడాకు పులుపు తగల్లేదు. అర్ధరూపాయి తీసుకుంటూ, "చెట్టుకే నీళ్ళు లేవు సార్, కాయలో రసం యాడ్నుంచి వస్తది?" అన్నాడు సోడా అమ్మే మనిషి. అతని తప్పేమీ లేకపోయినా క్షమాపణ చెబుతున్నట్టే అన్నాడు.

అక్కడే ఒక ముసలి జంట మా పెట్టెలోకి ఎక్కింది. కొండకు వెళుతున్నారు. వాన కోసం తలనీలాలు మొక్కుకున్నారట. వాన పడ్డాక కదా మొక్కు తీర్చాలి అన్నాను. ముసలాయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "ముందే ఇచ్చేస్తే ఆయనకు మొహమాటంగా ఉంటది బాబూ" అన్నాడు. ఆయన భార్య నవ్వలేదు. ఆమె కిటికీలోంచి రేగడి చేలలో పడ్డ నెర్రెల్ని చూస్తూ కూర్చుంది, రేణిగుంట దాకా.

తిరుపతి

నేను వెతుక్కుంటూ పోయిన ధర్మసంస్థకు బోర్డు లేదు. బజారు వీధిలో ఒక పాత నేతి కొట్టు, దాని మీద మేడగది. కొట్టు పెట్టిన పెద్దాయన పోయి చాలాకాలమైంది. ఆయన మనవడు నన్ను బస్తాల మధ్య కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"మా తాత ఒగటే మాట చెప్పేవాడు సార్. నెయ్యి ఆవిచ్చేది కాదురా, కసువిచ్చేది అని. పోయేముందు కొంత సొమ్ము పక్కన పెట్టి, మంచి మేత బీడు కాపాడినోడికి ఏటా మర్యాద చేయమన్నాడు. శాలువా, రాగి ఫలకం. ఇంగ ఏడాదంతా వాళ్ళింటి నెయ్యి మా కొట్టే కొంటాది, మంచి ధరకు."

ఇక్కడ గడ్డిని కసువంటారు. మా వైపు కసువంటే ఊడ్చి పారేసేది. ఆ మాట చెవికి అలవాటు కావడానికి నాకు ప్రయాణమంతా పట్టింది.

బీళ్ళు చూసి తేల్చే పని రాఘవాచార్యులు గారిది. రిటైరైన పశువుల డాక్టరు, డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం. నుదుట నిండు నామం, ఖద్దరు చొక్కా, చేతిలో వెదురు కర్ర. మడి పట్టింపు ఎక్కువ. ఇంట్లో వండింది తప్ప తినరు, వెంట తెచ్చుకున్న కూజాలో నీళ్ళు తప్ప తాగరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంతేనట. భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన ఇంట్లో కూడా గుక్కెడు మజ్జిగ ముట్టకుండా వచ్చేవారు. ఆ ఇళ్ళవాళ్ళు దాన్ని మామూలుగానే తీసుకున్నారని ఆయన నమ్మకం.

ఎండలు మండే ఈ రోజుల్లో గడ్డి చూడటమేమిటని అడిగాను.

"వానల్లో పచ్చగా ఉండని బీడు ఎక్కడుందండీ? దాన్ని మెచ్చుకోవాలంటే మేఘాన్ని మెచ్చుకోవాలి. ఇప్పుడు మిగిలిందే మనిషి కాపాడింది" అన్నారు.

ఆ ఏడాది మూడు బీళ్ళు మిగిలాయి. సంస్థవారి పాత అంబాసిడరులో బయల్దేరాం. డ్రైవరు మునిరత్నం నగరి మనిషి. సగం తెలుగు, సగం అరవం. మగ్గాల చప్పుడులో పెరిగినందువల్లనేమో ఏది చెప్పినా అరిచి చెబుతాడు.

పాకాల దగ్గర

మొదటి బీడు పాకాల దాటాక, మామిడి తోటల మధ్య. ఆసామి ఒక నాయుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ముళ్ళకంచె కొత్తది, లోపల మోకాలెత్తు గడ్డి, నడుమ ఎనిమిదో పదో ఆవులు. చూడటానికి క్యాలెండరు బొమ్మలా ఉంది.

ఆచార్యులు గారు ఒక్క ప్రశ్నా అడగలేదు. కర్రతో అక్కడక్కడా గడ్డి పాయ తీసి నేల చూస్తూ నడిచారు. నాయుడే చెబుతున్నాడు, ఆవుల్ని తను బిడ్డల్లా చూసుకుంటాడనీ, అవి ఈ బీడు తప్ప వేరే ఎరగవనీ. అంతలో ఒక ఎర్రావు తల ఎత్తి గేటు వైపు నడిచింది. మేము వచ్చిన దారినే బయటికి పోయి రోడ్డెక్కింది. దాని వెనక ఇంకొకటి. పాలేరు పరుగెత్తి అడ్డం వెళితే అతన్ని చుట్టి పోయాయి.

"బిడ్డలు యాడికో పోతా ఉండారే నాయుడన్నా!" అని అరిచాడు మునిరత్నం కారు దగ్గర్నుంచి.

"వాటికి రొంత తిరుగుడెక్కువలే" అన్నాడు నాయుడు.

రోడ్డు మీద పోతున్న ఒక ఆడమనిషి ఎర్రావును చూసి గట్టిగా పిలిచింది. "ఏమే గౌరీ, బిన్నా వచ్చేసినావే? మాపటికి తోలిస్తామనిరే!"

 నాయుడు మామిడిపళ్ళ బుట్ట ఒకటి కారులో పెట్టించబోయాడు. ఆచార్యులు గారు వద్దని దండం పెట్టి కారెక్కారు. చాలాదూరం వెళ్ళాక అన్నారు: "ముప్ఫై ఏళ్ళు ఇదే చూశాను. అందుకే నోటితో చెప్పేది వినను. నేల చెప్పేదే వింటాను. ఫలితం కూడా అక్కడ చెప్పను. మొహంలో కూడా కనపడనివ్వను."

చిత్తూరు

చిత్తూరులో భోజనం నాలుగు రూపాయలు. ఆ పక్క సందులోనే వరిగడ్డి మోపు అయిదు రూపాయలకు అమ్ముతున్నారు. మనిషి కడుపు కంటే ఎద్దు కడుపు నింపడం ఖరీదైన ఊరు నేను అంతకుముందు చూడలేదు. మోపు బేరమాడుతున్న ఒక రైతును ఎన్ని పశువులున్నాయని అడిగాను. "ఉన్నింది రెండు. ఈ మోపు కొంటే ఒగటే తింటాది. ఏదానికి పెట్టాలో ఈడ నిలబడి ఆలోచన చేస్తా ఉండా" అన్నాడు. చివరికి కొన్నాడో లేదో చూడలేదు.

లాడ్జిలో ఆచార్యులు గారు వరండాలో స్టవ్ వెలిగించుకుని పెసరపప్పు ఉడికించుకున్నారు. నాకు హోటలు సాంబారు. అందులో బెల్లం లేదు, చింతపండు మాత్రం ఎవరి మీదో కోపం ఉన్నట్టు వేశారు.

మొగిలి కనుమ

పలమనేరు వైపు ఎక్కే రోడ్డు మీద లారీలు ఎదురయ్యాయి. అన్నీ పశువులతో దిగుతున్నాయి, అరవదేశం వైపు. కనుమ మలుపులో ఇంజను చల్లారబెట్టుకుంటున్న లారీ పక్కన మునిరత్నం కారాపాడు. లోపల కొమ్ములు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తల తిప్పే చోటు కూడా లేదు. లారీ మీద కూర్చున్న మనిషి బీడీ ముట్టించుకుంటూ, "కొన్నప్పుడు ఏడుస్తారు సార్, ప్రతి ఇంట్లోనూ. డబ్బు కొంగులో కట్టుకుంటానే ఏడుస్తారు. నాకు మొదట్లో బాధగా ఉన్నింది. ఇప్పుడు ఏడవని ఇల్లు చూస్తే అనుమానమొస్తాది, ఆవుకు జబ్బేమో అని" అన్నాడు.

ఆచార్యులు గారు కారు దిగలేదు. ఆ లారీ వైపు చూడలేదు కూడా.

బీడు

పలమనేరు దాటి పుంగనూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న చిన్న పల్లె అది. చుట్టూ గుండ్రాళ్ళ గుట్టలు. వాటి కింద చేలన్నీ చెనిక్కాయలు, అంటే వేరుశనగ, వేసి తీసినవి, ఎర్రగా, నున్నగా, దుమ్ము లేస్తూ. అంత ఎరుపు మధ్య ఆ బీడు కనపడగానే మునిరత్నం కూడా కాసేపు అరవలేదు.

పచ్చగా లేదు. ఎండిపోయి గోధుమరంగులో ఉంది. కాని నేల ఎక్కడా బయటపడలేదు. దుబ్బు పక్కన దుబ్బు, వాటి సందుల్లో గరిక. రాళ్ళు పేర్చిన మోకాలెత్తు గోడలతో దాన్ని నాలుగు మడులుగా విడదీశారు. ఒక మడిలో మేపుతున్నప్పుడు మిగతా మూడూ మూసి ఉంచుతారట. చుట్టుపక్కల ఊళ్ళలో పశువులు అమ్ముడైపోతుంటే వీళ్ళ ఆవులు ఇంకా కొట్టంలో ఉండటానికి కారణం ఆ గోడలే. పుంగనూరు పొట్టి జాతి, నడుమెత్తు ఆవులు. ఆ వేళ కొట్టంలోనే కట్టేసి ఉన్నాయి.

బీడు యజమాని గంగులప్ప. అరవై దాటిన, సన్నటి మనిషి. ఆ పూట తలకు కొత్త తువ్వాలు చుట్టుకున్నాడు, మడతల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. మాట తక్కువ. ఆచార్యులు గారి వెనకాల నాలుగడుగుల దూరంలో, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు.

ఆచార్యులు గారు మొదటి మడిలో ఉత్సాహంగానే నడిచారు. వంగి ఒక కాడ తెంపి, "నెండ్ర" అన్నారు. ఇంకొకటి తెంపి, "చెంగలి" అన్నారు. రెండో మడికి వచ్చేసరికి ఆయన నడక మారింది. కర్రతో దుబ్బుల మధ్య వెతకడం మొదలుపెట్టారు. మూడో మడిలో రెండుసార్లు వెనక్కి వెళ్ళి వెతికారు. నాలుగో మడిలోకి పూర్తిగా వెళ్ళలేదు. గోడ దగ్గరే నిలబడి చూసి, వచ్చి కానుగ చెట్టు కింద కూర్చుని పెరుగన్నం క్యారియరు విప్పారు. మొహంలో ఏమీ లేదు.

పొయ్యి దగ్గర

నన్ను ఇంటికి తీసుకెళ్ళినవాడు గంగులప్ప తమ్ముడు రెడ్డెప్ప. నలభై ఏళ్ళుంటాయి. అన్న మాట్లాడనివన్నీ ఇతను మాట్లాడతాడు.

"ఈ ఊళ్ళో అందరూ చెనిక్కాయలేసినారు సార్. పెంకుటిండ్లు కట్టినారు. మేం కసువు కాస్తా ఉండాం. నా పెండ్లాం పుట్టింటోళ్ళు ఏమంటారో తెలుసునా? మీ ఇంటాయన్ను గూడా సాయంత్రం కొట్టంలోకి తోలి కట్టేస్తారా అంటారు. నా బిడ్డలు బడికి పోవాల. కసువు తిని బతికేదానికి నేనేమన్నా ఎద్దునా?"

"మరి ఎందుకు దున్నలేదు?"

"నాయన పోతా పోతా అన్న చేతిలో నా చెయ్యి పెట్టినాడే! అందుకు. మొన్న పండక్కి అన్నకూ నాకూ ఒప్పందమైంది. తిరుపతోళ్ళు వచ్చి ఇది గొప్ప బీడని పదిమందిలో చెబితే, నెయ్యి ధర కట్టి కొంటే, నా భాగం గూడా కసువుకే ఇడిసిపెడతా. నోరెత్తను. లేదంటే మొదటి వానకే మడక కడతా. అన్న సరే అన్నాడు."

మడకంటే నాగలి. తొలి వానకు నేల పదునైనప్పుడే చెనిక్కాయ వేయాలి. ఆ నాలుగు రోజులు దాటితే ఆ ఏడాది పోయినట్టే.

గంగులప్ప భార్య చెంగమ్మ సంగటి ముద్ద పెట్టింది. ఊరిబిండి పచ్చడి, మామిడికాయ పప్పు. మా వైపు ముద్దను నములుతామని చెబితే ఆమెకు నవ్వొచ్చింది. "నమిలితే పండ్లకు పడతాది సార్. మింగేయాల. అయ్యో, చెయ్యి కాల్తాదని చెప్పలేదే నేను!" అప్పటికే కాలింది. వేళ్ళు నీళ్ళ చెంబులో పెట్టుకుని తిన్నాను. తర్వాత గట్టి మజ్జిగ, కరివేపాకు నలిపి వేసింది. ఆ కరువులో అంత చిక్కటి మజ్జిగ ఎక్కడా తాగలేదు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే అక్కడ పేడ కుప్ప ఉంది. ఇంటి చూరెత్తు. పాతదీ, కొత్తదీ, ఎండి చెక్కలైనదీ కలిపి పోసిన కుప్ప.

"ఇంత ఒక్కసారే పోశారేమిటమ్మా?"

"మీరొస్తా ఉండారనే! ఊరి ఆడోళ్ళందరం గంపలెత్తుకుని రెండు దినాలు ఏరినాం, నాలుగు మడులూ. తుమ్మ మొలకలు గూడా పీకినాం. తిరుపతి నుంచి అంత పెద్ద సామి నామం పెట్టుకోని వస్తా ఉంటే పేడ మింద నడిపిస్తామా? మా ఇంటాయన వద్దే అన్నాడు, ఉండనీ అన్నాడు. మొగోళ్ళకేం తెలుసు మర్యాద!"

మా ఇళ్ళలో చుట్టాలొస్తే వాకిట్లో పేడనీళ్ళు చల్లుతాం. ఇక్కడ పేడ ఎత్తేశారు. ఆ తేడా బాగుందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మేము బీడు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆచార్యులు గారు కారు దగ్గర నిలబడి ఉన్నారు. చెంగమ్మ తోమిన ఇత్తడి చెంబులో మజ్జిగ తెచ్చింది, పైన బాదమాకు మూత పెట్టి. ఆయన రెండు చేతులూ జోడించారు.

"వద్దమ్మా. నాకు అలవాటు లేదు."

"రవ్వంతే సామీ. ఇంట్లోకి రానే రాకపోతిరి."

"వద్దు తల్లీ."

రెడ్డెప్ప అడిగేశాడు. "ఏం సామీ, మా బీడెట్లుండాది?"

"తిరుపతి నుంచి తెలుస్తుందప్పా" అన్నారు ఆచార్యులు గారు. కారు తలుపు మూసుకుంది. చెంగమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది. గంగులప్ప తలకు చుట్టిన తువ్వాలు విప్పి మడతపెట్టుకున్నాడు, పాత మడతల మీదే.

పుంగనూరు

ఆ రాత్రి పుంగనూరు బంగళాలో పడుకున్నాం. తెల్లవారేముందు వాన పడింది. ఊరంతా లేచి వాకిళ్ళలో నిలబడింది. ఎవరూ కేకలు పెట్టలేదు. చాలారోజులుగా జబ్బుపడ్డ మనిషి కళ్ళు తెరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉన్నారు. వంటమనిషి ఒకాయన, "ఇంగ రొంత ముందొచ్చింటే మా ఆవులు మిగిలుండును" అని కాఫీ పెట్టడానికి లోపలికి పోయాడు.

మదనపల్లె

మూడో బీడు మదనపల్లె దగ్గర. నిజానికి అది బీడు కాదు, బావి కింద వేసిన ఏనుగు గడ్డి తోట. మోటారు, పైపులు, నిలువెత్తు పచ్చదనం. ఆచార్యులు గారు గట్టు మీద నిలబడి చూసి, ఇది కరెంటు బిల్లు బాగా కట్టినవాళ్ళకు ఇచ్చే బహుమతి కాదన్నారు.

సాయంత్రం సత్రం అరుగు మీద కూర్చున్నాం. అన్ని బీళ్ళూ చూడటం అయితే గాని ఏ ఒక్కదాని ఫలితమూ చెప్పని మనిషి, అప్పుడు నోరు విప్పారు.

"ఈ ఏడు ఎవరికీ లేదని రాయాలి. ఆ పుంగనూరు దారిలోది చూసి సంబరపడ్డాను. నెండ్ర దుబ్బులు అంత ఒత్తుగా చూసి ఎన్నాళ్ళో అయింది. కాని అది మేపే బీడు కాదండీ. కోసి అమ్ముకునే గడ్డి. ఆవుల్ని కొట్టంలో కట్టేసి, బీడుకు తాళం వేసి చూపించారు."

"ఎలా చెప్పగలరు?"

"మూడు మడులు వెతికాను, నాలుగోది గోడ దగ్గర్నుంచి చూశాను. ఒక్క పేడకడి లేదు. ఆవు మేసిన చోట పేడ ఉండకుండా ఎట్లా ఉంటుంది? పేడపురుగు దాన్ని నేలలోకి దించుతుంది, దాని మీద మళ్ళీ కసువు లేస్తుంది. అది లేదంటే అక్కడ ఆవు అడుగు పెట్టలేదని."

"పేడంతా వాళ్ళ పెరట్లో ఉంది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు.

"చూరెత్తు కుప్ప. మీరు దాని మీద నడవకూడదని ఊరి ఆడవాళ్ళంతా రెండు రోజులు ఏరారట."

ఆయన కర్ర పక్కన పెట్టారు. తర్వాత, "నేను వాళ్ళ పెరట్లోకి వెళ్ళలేదు కదా" అన్నారు, తనకే చెప్పుకుంటున్నట్టు. తొలి వానకే దున్నుతానన్న రెడ్డెప్ప మాట కూడా చెప్పాను. ఆయన మునిరత్నాన్ని పిలిచి, తెల్లవారగానే మళ్ళీ పుంగనూరు దారి పట్టాలని చెప్పారు.

మళ్ళీ అక్కడికి

దారి పొడుగునా నాగళ్ళు నడుస్తున్నాయి. వాన పడ్డ నేల కోసిన పుచ్చకాయలా ఎర్రగా ఉంది. మునిరత్నం ఆ రోజు ఎంత వేగంగా నడిపాడంటే, ఒక మలుపులో నా తల తలుపుకు కొట్టుకుని బొప్పి కట్టింది.

ఊరి దగ్గర కారు దిగేసరికి బీడు కనపడలేదు. రాళ్ళ గోడలు పక్కకు నెట్టి ఉన్నాయి. ఊళ్ళో ఉన్న ఎద్దుల జతలన్నీ వచ్చినట్టున్నాయి. మూడు మడులు దున్నేశారు. వేళ్ళతో లేచిన నెండ్ర దుబ్బులు కుప్పలుగా గట్టున పడి ఉన్నాయి. నాలుగో మడి మాత్రం మిగిలింది. అక్కడికి వెళ్ళడానికి రెడ్డెప్ప జతను తిప్పుతున్నాడు. గంగులప్ప చాళ్ళలో వంగి దుబ్బులు ఏరి గట్టు మీద వేస్తున్నాడు. వానకు ఆ దుబ్బుల నడుమ అప్పుడే సన్నటి పచ్చటి మొలక వచ్చింది.

ఆచార్యులు గారు చెప్పులతోనే చాళ్ళలోకి దిగారు. మట్టి అంటుకుని ఒక చెప్పు ఊడిపోయింది. తీసుకోలేదు.

"ఏమప్పా ఇంత తొందరపడ్డారు?"

రెడ్డెప్ప నాగలి ఆపాడు. అతని గొంతులో కోపం లేదు. "తొందరేముంది సామీ, పదునైంది. మాకు నాలుగు దినాలే. మీరేమో లేదనేసి పోతిరి."

"నేను లేదనలేదు. తిరుపతి నుంచి తెలుస్తుందన్నాను."

"నోటితో అనాలా సామీ? పిల్లను సూసేదానికి వచ్చినోళ్ళు ఇంట్లోకి రాకుండా, ఇచ్చింది తాగకుండా లేసి పోతే ఏమని అర్థం? మా ఇండ్లల్లో ఒగటే అర్థం. మీరు పోయినాక మా వదిన ఆ చెంబు ముందర పెట్టుకోని పొద్దు గుంకేదాకా కూర్చున్నింది. ఊరోళ్ళందరూ వచ్చి పరామర్శ చేసిపోయినారు."

 తను ముప్ఫై ఏళ్ళు తిరిగిన పల్లెలన్నీ ఆ క్షణాన ఆచార్యులు గారికి గుర్తొచ్చి ఉంటాయని నాకు అనిపించింది. అది నా ఊహ. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

చెంగమ్మ ఇంటి వైపు నుంచి వచ్చి దూరంగా నిలబడింది. ఆయన ఆమె వైపు నాలుగడుగులు నడిచారు, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి మట్టితో.

"అమ్మా, కొంచెం మజ్జిగ ఇయ్యి. మీ ఇంట్లో కూర్చుని తాగుతాను."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"మజ్జిగ యాడిది సామీ? ఆవుల్ని నిన్ననే పలమనేరు సంతకు తోలేసిరే. నీళ్ళిస్తా, తాగతారా?"

ఆమె నీళ్ళు తెచ్చింది. ఆయన చెంబెత్తి, పెదవి తగలకుండా పోసుకోవడం కూడా మర్చిపోయి, అంచుకు నోరు పెట్టి తాగారు. తర్వాత గంగులప్ప దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేటట్టు చెప్పారు.

"ఈ ఏడు బహుమతి మీకే. పొరపాటు నాది. పేడ కనపడక మీరు మేపడం లేదనుకున్నాను. తిరుపతిలో నేనే నిలబడి చెబుతాను. ఆ మిగిలిన మడి దున్నకండి. నెండ్ర విత్తనం రాలిస్తే రెండు మూడేళ్ళలో తక్కినవి మళ్ళీ లేస్తాయి."

నాగళ్ళన్నీ ఆగాయి. దున్నుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. రెడ్డెప్ప నాగలి మేడి మీది చెయ్యి తీయకుండానే అన్న వైపు తిరిగాడు. "నీ ఇష్టమన్నా. నేను మాటిచ్చినా. నువ్వు ఆపమంటే ఆపతా. దున్నినదాంట్లో గూడా ఇత్తు వేయను."

గంగులప్ప చేతిలో ఉన్న దుబ్బును గట్టు మీద పెట్టాడు. నాలుగో మడి వైపు చూశాడు. ఎండు కసువు కింద అక్కడ కూడా పచ్చదనం మొదలైంది. అప్పటిదాకా ఆయన నోటి నుంచి నేను విన్నది అంతా కలిపితే పది మాటలు ఉండవు. 

"ఆవుల్ని కొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళో కనుక్కుంటాం" అన్నారు ఆచార్యులు గారు. "ఇప్పుడే కారు పంపిస్తాను."

"అరవం లారీ సామీ" అన్నాడు గంగులప్ప. "నిన్న మద్యాన్నమే కనుమ దిగిపోయింటాది. పద్నాలుగు నెలలు దాటలేదు దాంట్లో ఒగదానికి, నా చేతిలో పుట్టింది. పేరు పెట్టి పిలిస్తే వస్తాది. పిలిచేవోళ్ళెవురు ఆడ?"

 మునిరత్నం కారు తలుపు తెరిచి పట్టుకుని, మళ్ళీ మూసేశాడు.

"కొత్తవి కొనుక్కోవచ్చన్నా" అన్నాడు రెడ్డెప్ప. "శాలువా ఇస్తారంట. నెయ్యి కొంటారంట."

"యాడ్నుంచి కొంటావు? ఈ జాతివి ఇంగ యా ఊళ్ళో మిగిలినాయి?" అన్నాడు గంగులప్ప. తర్వాత తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు తప్పుకో నాయనా. ఈ మడి నాది" అన్నాడు.

తమ్ముడి చేతిలోంచి మేడి తీసుకుని, ఎద్దుల్ని అదిలించి, నాలుగో మడిలోకి తనే తోలాడు.